నల్లక్క మొదటి క్యాసెట్

పోయిన వేసవిలో మా అమ్మాయి నా పాత క్యాసెట్‌ను పక్కింటివాళ్ళ టేపురికార్డరులో వేసి తన ఫోను దానికి దగ్గరగా పట్టుకుంది. టేపు నలిగిపోయి ఉంది. గొంతు బావిలోనుంచి వచ్చినట్టు వచ్చింది. అయినా ఫోను గుర్తుపట్టింది. పాడినామె పేరు, ఆ పాటలన్నీ ఉన్న ఆల్బం అట్ట, వరస ప్రకారం ఎనిమిది పాటలు, అన్నీ ఫోను మీదికి వచ్చాయి. అట్ట మీద ఒక నల్లని ఆడమనిషి కుర్చీలో పక్కకు తిరిగి కూర్చుని ఉంది. నేను ఆ బొమ్మను అంతకుముందు ఒకే ఒకసారి చూశాను, ప్రొద్దుటూరులో, ఒక రికార్డింగు అంగట్లో.

ఆ రకం పాటను సోల్ అంటారని అమ్మాయి చెప్పింది. అమెరికాలో నల్లవాళ్ళు చర్చిలో పాడే తీరునుంచి పుట్టిందట. ఇది ఎనభైల్లో వచ్చిన ఆమె మొదటి ఆల్బం, తర్వాత ఇంకా చాలా వచ్చాయట. అవీ వినిపిస్తానంటే వద్దన్నాను. నాకు తెలిసింది ఇదొక్కటే. ఆమె పేరు కూడా మాకు అప్పట్లో తెలియదు. మా ఇంట్లో ఆమె నల్లక్క.

వంటింట్లోనుంచి నా భార్య బయటికి వచ్చి తలుపు దగ్గర నిలబడి మొదటి పాట పూర్తిగా వింది. తర్వాత ఆమె అన్న మాట నాకు కొత్త కాదు. పెళ్ళయినప్పటినుంచి లెక్కపెట్టినా ఆమె నన్ను అంతకంటే ఎక్కువసార్లు అన్న మాట ఇంకొకటి లేదు.

"ఆ పొద్దు నన్ను భాయ్ దగ్గరికి పోనిచ్చింటే నువ్వు లోపల ఉండేవాడివి కాదు."

ఈ మాట ఏమిటో చెప్పాలంటే వెనక్కి పోవాలి.

మాది జమ్మలమడుగు పక్క పేట. మిషన్ దొరల కాలంలో మా ముత్తాతలు క్రైస్తవంలోకి వచ్చారు. మావాళ్ళలో టీచర్లయినవాళ్ళు, ఆసుపత్రి పనుల్లో చేరినవాళ్ళు ఉన్నారు. నేను బడికి పోలేదు. స్టీరింగు పదహారో ఏట పట్టుకున్నాను, పలక ముప్పై ఆరో ఏట. పలక ఎక్కడ పట్టుకున్నానో తర్వాత చెప్తాను.

అప్పుడు నేను ఒక నాయకుడి దగ్గర కారు డ్రైవర్ని. ఆయన్ని అందరం సామీ అనేవాళ్ళం. మా వైపు పార్టీ అంటే ముందు మనుషులు, ఆ తర్వాతే జెండా. జెండా మారేది. సామి మారితే మేమందరం మారినట్టే, అడిగేవాడు లేడు. ఊరు అవతలి పార్టీ చేతికి పోయాక మేము పదకొండు మందిమి సామితో కూడా వచ్చి ప్రొద్దుటూరులో ఒక అద్దె ఇంట్లో పడ్డాం. ఎవరి ఇంటికి వాళ్ళు పోవడానికి లేదు. నా భార్య జమ్మలమడుగు ఆసుపత్రిలో ఆయా. బస్సెక్కితే గంట కూడా పట్టని దూరం. నేను నెలకొకసారి చూస్తే గొప్ప.

ఆ ఇంటి కిటికీలకు లోపలివైపునుంచి నాపరాళ్ళు నిలబెట్టి ఉండేవి. మా జమ్మలమడుగు గనుల రాయే. బయట నేలకు పరుచుకునే బండ, మేము కిటికీలకు పరుచుకున్నాం. గాలి రాదు, వెలుతురు రాదు. పగలు కూడా దీపాలే. గేటుకు ఇనపరేకు కొట్టి ఉండేది, దాంట్లో ఒక కన్నం. వచ్చినవాణ్ణి కన్నంలోనుంచి చూసి, వాడి వెనక ఎవరూ లేరని తేలాకే గడియ తీసేవాళ్ళు. కారు ఎప్పుడూ గేటుకు ముఖం పెట్టి నిలబెట్టాలి. తాళాలు నా మొలతాడుకే ఉండాలి. స్నానానికి పోయినా సరే.

ఆ కారులో టేపురికార్డరు ఉంది కానీ సామి ఎక్కితే పాట పెట్టడానికి లేదు. పాట మోగితే వెనక వచ్చే బండి చప్పుడు వినపడదని. రోడ్డు మీద మా చెవులే మాకు అద్దాలు. అందుకని నేను మధ్యాహ్నం అందరూ కునుకు తీసేటప్పుడు, ఇంటి ఆవరణలో నిలబెట్టిన కారులో కూర్చుని, అద్దాలు పైకెత్తి, చిన్నగా పెట్టుకుని వినేవాణ్ణి. ప్రొద్దుటూరు మే నెల ఎండ. కారు ఇనుము కాలిపోయేది. చొక్కా విప్పి సీటు మీద పరుచుకుని దాని మీద కూర్చునేవాణ్ణి. మిగతావాళ్ళకు నేను పిచ్చివాణ్ణి. లోపల ఉక్క సాలదని ఇంకో ఉక్కలో దూరినాడు సూడప్పా అని నవ్వేవాళ్ళు. వాళ్ళకు సినిమా పాటలు కావాలి.

ఆ గొంతు నాకు తగిలింది రికార్డింగు అంగట్లో. అంగడి ఒక భాయ్‌ది. నా కంటే ఐదారేళ్ళు చిన్న. వాళ్ళ అన్న కువైట్లో ఉండేవాడు, వచ్చినప్పుడల్లా క్యాసెట్లు తెచ్చేవాడు. భాయ్ అంగట్లో రెండు పెద్ద డెక్కులు పక్కపక్కన ఉండేవి. ఒకదాంట్లో అసలుది, ఒకదాంట్లో ఖాళీది. పాట ఎంతసేపుంటే రికార్డింగు అంతసేపు. వేగంగా లాగే మిషను వచ్చినా అతను దాన్ని ముట్టలేదు. తొందరపడితే గొంతు పీలగా అయిపోతుందని అనేవాడు. ఖాళీ క్యాసెట్ ఇచ్చి సాయంత్రం రమ్మని పంపేవాడు. నేను మాత్రం అక్కడే కూర్చుంటానన్నాను. ఎందుకంటే నాకు కూర్చోవడానికి కిటికీ తెరిచి ఉన్న చోటు ప్రొద్దుటూరులో అదొక్కటే.

ఆ రోజు కారు క్లచ్ ప్లేటు పోయి మెకానిక్ దగ్గర ఉంది. రెండు గంటలు పడుతుందన్నాడు. సామికి చెప్పే వచ్చాను. భాయ్ నాకోసం నల్లక్క క్యాసెట్ తీసి, అట్ట చూపించి, డెక్కులో పెట్టాడు. అరవై నిమిషాల ఖాళీ టేపు. అటువైపు నాలుగు, ఇటువైపు నాలుగు. ఒక్క ముక్క అర్థం కాలేదు. మొదటి పాట చిన్నగా మొదలవుతుంది, ఎవరితోనో మాట్లాడినట్టు. పోనుపోను గొంతు పైకి పోతుంది. చివర్లో మాటలు అయిపోయి ఉత్త గొంతే మిగులుతుంది. మా పేట చర్చిలో, కొడుకు చనిపోయిన ముసలామె ఒకతె ఉపవాస ప్రార్థనలో అట్లా పిలిచేది. నేను భాయ్‌తో, ఇది మా దేవుని పాట అన్నాను. అతను నవ్వి, నాకూ ఇంగ్లీషు రాదు మామా, నీకట్లా వినపడితే అట్లనే అన్నాడు. రెండు టీలు తెప్పించాడు. క్యాసెట్ అయిపోయేసరికి బాగా పొద్దెక్కింది.

నేను అంగట్లో స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్న గంటలోనే, పది మైళ్ళ అవతల మా ఊరి దారిలో అవతలి పార్టీ మనిషిని ఒకణ్ణి చంపారు. నేను వెనక్కి వచ్చేసరికి గేటు కన్నంలో కన్ను ఉంది కానీ చాలాసేపు గడియ తీయలేదు. లోపలికి పోయాక ఎవరూ ఏమీ చెప్పలేదు. నేను అడగలేదు. అడగకపోవడమే అక్కడ ఉద్యోగం.

పన్నెండు రోజులకు భోజనాల దగ్గర సామి తన చేత్తో నా విస్తట్లో కూర వడ్డించాడు. మామూలుగా వంటమనిషి వడ్డిస్తాడు. సామి చేతి గరిటె ఎవరి విస్తరి మీద ఆగితే వాడికి ఏదో పని పడిందని మాకందరికీ తెలుసు. ఆ రోజు పదిమందీ తలలు దించుకుని తిన్నారు. 

నలుగురిని పోలీసులకు అప్పజెప్పాలి. చేసినవాళ్ళలో ఒకడు సామి అక్క కొడుకు. వాని బదులు నేను పోవాలి.

"వానికి ఇంకా పెండ్లి గాలా" అన్నాడు సామి. "నీకైతే పెండ్లాం ఉండాది, ఆమెకు ఆస్పత్రి పనుండాది. మూన్నెల్లు. బెయిలొస్తాది. ఏమంటావప్పా?"

"సరే సామీ" అన్నాను.

ఇంతే. ఇంతకంటే పెద్ద మాటలు జరగలేదు. నేను ఆయన ఉప్పు తిన్నానని, మాట తప్పలేనని తర్వాత చాలామందికి చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆ గేటు లోపల ఉండి కాదనడం ఎట్లాగో నాకు తెలియదు. కాదన్నవాడు ఆ గేటు ఎట్లా దాటుతాడో నేను అంతవరకు చూడలేదు.

లొంగిపోయే ముందు రోజు జమ్మలమడుగు పోనిచ్చారు, ఇద్దరు మనుషులను తోడిచ్చి. నా భార్యకు అప్పుడు నాలుగో నెల. వాళ్ళిద్దరూ గడప బయట కూర్చున్నారు. నేను క్యాసెట్ ఆమె చేతికిచ్చి, ఇది దేవుని పాటలు, పెట్టుకుని వినమన్నాను. ఆ రోజు నేను ఎక్కడున్నానో కూడా చెప్పాను. భాయ్ అంగడి, రెండు టీలు, మొత్తం. చెప్పకుండా ఉండాల్సింది.

కడప జైలుకు ఆమె మొదటిసారి వచ్చినప్పుడు ఇనప జాలీకి ఇటు నేను, అటు ఆమె. చుట్టూ అందరూ అరుస్తూ మాట్లాడుతున్నారు. ఆమె మాత్రం గట్టిగా అరవలేదు.

"ఆ భాయ్ వచ్చి లాయరుకు ఒక్క మాట చెప్తే సాలు గదా. నేను పోయి కాళ్ళు పట్టుకుంటా."

"పోవద్దు."

"ఏం?"

"వాని అంగడి తగలబెడ్తారు. వాణ్ణీ బతకనీరు."

"మరి నేను? ఈ కడుపు?"

"నోరు మూసుకోని ఇంటికి పో" అన్నాను.

ఆమె పోయింది. నేను పోవద్దన్నాక ఆమె ప్రొద్దుటూరులో కాలు పెట్టలేదు. మూన్నెల్లన్నది పద్నాలుగు నెలలయింది. మా అమ్మాయి ఆ మిషన్ ఆసుపత్రిలోనే, వాళ్ళమ్మ రోజూ నేల తుడిచే వార్డులోనే పుట్టింది. నేను బిడ్డను చూసేసరికి తొమ్మిదో నెల, పండ్లు వస్తున్నాయి. నన్ను చూసి జడుసుకుని ఏడ్చింది.

జైల్లో సాయంత్రం పూట చదువు చెప్పే బడి ఉండేది. ఒక పంతులు ఖైదీ మాకు పలక మీద దిద్దబెట్టేవాడు. ఒక గోడలోపలినుంచి ఇంకో గోడలోపలికి వచ్చినందుకు నాకు దక్కింది అదొక్కటే. సామి ఇంట్లో కంటే జైల్లో గాలి ఎక్కువ వచ్చేది. ఇది నేను గొప్పకు రాయడం లేదు, కిటికీలకు రాళ్ళు లేవు కాబట్టి రాస్తున్నాను. మొదటిసారి సొంతంగా ఉత్తరం రాసి పంపితే నా భార్య దాన్ని పాస్టరుగారితో చదివించుకుంది. ఆమె జవాబు ఆయన రాతలో వచ్చింది. బిడ్డ సంగతి రెండు ముక్కలు, మిగతాదంతా నల్లక్క సంగతి.

ఆసుపత్రి ఆయాలు, నర్సుల ఇంట్లో పనిచేసే ఆడవాళ్ళు కలిసి బుధవారం మా ఇంట్లో ప్రార్థన పెట్టుకునేవాళ్ళు. నా భార్య ఆ కూటంలో క్యాసెట్ పెట్టేది. పాట అర్థం కాకపోయినా ఆ గొంతు పైకి పోయేచోటుకు వచ్చేసరికి ఆడవాళ్ళందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేవాళ్ళట. ఎవరి బాధ వాళ్ళది. ఒకామె మొగుడు మా పార్టీలోనే ఉన్నాడు, ఇంకొకామె తమ్ముడు అవతలి పార్టీలో. బుధవారం మాత్రం ఒకే చాప. మూడో పాటకు చేతులెత్తడం అలవాటయింది వాళ్ళకు. పాస్టరుగారు ఇంగ్లీషు చదివినాయన, ఒకసారి వచ్చి మొత్తం విన్నాడు. ఈమె ఏమని పాడుతాంది అయ్యగారూ అని అడిగితే, ఎవరినో గట్టిగా పిలుస్తాంది తల్లీ అని మాత్రం చెప్పి చెప్పులేసుకుని పోయాడట.

కేసు కొట్టేశారు. సాక్షులు అడ్డం తిరిగారు. నేను బయటికి వచ్చి మళ్ళీ ఆ కారే ఎక్కాను. ఎందుకు ఎక్కావని అమ్మాయి పెద్దయ్యాక అడిగింది. ముద్దాయి అని పేరు పడ్డవాడికి జమ్మలమడుగులో ఎవడు బండి ఇస్తాడు? చనిపోయినవాడి మనుషులు నన్ను ఒంటరిగా చూస్తే ఊరుకుంటారా? నేను చేయలేదని వాళ్ళకు తెలుసు. సామికి తెలుసు, పోలీసులకు తెలుసు. తెలియడంతో పని లేదు. ఇంకో ఆరేళ్ళు ఆ నాపరాళ్ళ ఇంట్లోనే తిన్నాను. తర్వాత ఎన్నికలొచ్చాయి. పైవాళ్ళు ఇద్దరు నాయకులనూ పులివెందులలో ఒక తోటలో కూర్చోబెట్టి రాజీ చేశారు. నేనే కారు నడిపాను. చీనీచెట్ల కింద ఇద్దరూ ఒకే పళ్ళెంలో చేయి పెట్టి తిన్నారు. ఒకే జెండా అయింది. నెల తిరక్కముందే సామి కారు అమ్మేసి, ఇంక ఇంటికి పోప్పా అన్నాడు.

అందుకే ఆ పాటలు మళ్ళీ వినడం నాకు అంత తేలిక కాలేదు. మా అమ్మాయి ఫోనులో అవి చాలా శుభ్రంగా ఉన్నాయి. వెనక వాయించే ఆర్గను, దాని కింద కూడబలుక్కున్నట్టు పాడే ముగ్గురు ఆడవాళ్ళు, ఇవేవీ నా టేపులో అంతగా వినపడేవి కావు. మొదటి రోజు చెమటలు పట్టాయి. ఫ్యాను తిరుగుతోంది, తలుపులన్నీ తీసే ఉన్నాయి, అయినా వీపు తడిసిపోయింది. రెండో రోజు అమ్మాయి నన్ను మేడ మీదికి తీసుకుపోయి, వాళ్ళమ్మకు వినపడకుండా, పాటల అర్థం చెప్పింది. ఎక్కడా దేవుడు లేడు. ఒక ఆడమనిషి, ఆమెను పట్టించుకోని మనిషి. ఒక పాటలో ఆమె అతని ఇంటి తలుపు కొడుతుంది. ఒక పాటలో నీవు తలుపు తీయవని నాకు తెలుసు అంటుంది. ఆడవాళ్ళు చేతులెత్తిన మూడో పాటలో, నేను ఈ ఇంటినుంచి ఎట్లా పోవాలో నువ్వే చెప్పు అని అతన్నే అడుగుతుంది.

"అమ్మకు చెప్పొద్దు నాయనా" అంది అమ్మాయి.

చెప్పలేదు. కానీ ఆ మూడో పాట రోజూ పెట్టించుకున్నాను. వింటుంటే భాయ్ అంగట్లో స్టూలు, టీగ్లాసు కనపడేవి. నాకు ఒక్క సంగతి తెలుసుకోవాలనిపించింది. జైల్లో నా భార్యను పోవద్దన్నది భయంతోనేనని నాకు తెలుసు. సామి మనుషులకు తెలిస్తే నన్ను లోపలే తేల్చేస్తారని. కానీ ఇన్నేళ్ళూ ఆ భయం పక్కన ఇంకొకటి పెట్టుకుని బతికాను. కనీసం ఒకణ్ణి కాపాడాను గదా అని. నేను చేసిన మంచిపని ఏమిటని దేవుడు అడిగితే చెప్పడానికి నా దగ్గర ఉన్నది అదే.

జమ్మలమడుగులో బస్సు పట్టుకుని ఒక్కణ్ణే ప్రొద్దుటూరు పోయాను. ఆ అంగడి ఇప్పుడు ఫోన్లకు అద్దాలు అంటించే అంగడి. వాళ్ళవాళ్ళే నడుపుతున్నారు. భాయ్ వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు, గడ్డం తెల్లగా అయిపోయింది. నన్ను గొంతును బట్టి గుర్తుపట్టాడు. లేవబోతే కూర్చోమన్నాను. టీ వచ్చింది. సుగరు సంగతులు, మోకాళ్ళ సంగతులు, చనిపోయిన కువైట్ అన్న సంగతులు అయ్యాయి. ఎట్లా అడగాలో తెలియక నేరుగానే అడిగాను.

"అప్పుడు నేను అడిగింటే, నువ్వు కోర్టుకొచ్చి చెప్పింటివా భాయ్?"

అతను టీగ్లాసు కింద పెట్టాడు.

"ల్యా మామా" అన్నాడు. "నీకు అబద్ధం యాల? నువ్వు లొంగిపోయినావని తెలిసిన పొద్దే షట్టరేసి రాయచోటికి పోయినా, మా అత్తగారింటికి. రెండు నెల్లు రాలా. నువ్వు యాడ అడుగుతావో అని."

నేను మిగిలిన టీ తాగేశాను.

"నువ్వు నా పేరెత్తలేదని ఇన్నాక, ఇంట్లో అందరికీ చెప్పినా, ఆ డ్రైవరు మామ మనల్ని బతికిచ్చినాడని. మా పిల్లోళ్ళకు నీ సంగతి తెల్సు. అడుగు కావాలంటే."

అడగలేదు. అతను నా చేతి మీద చేయి వేసి ఉంచాడు. నాకు కోపం రాలేదు. అతను చేసింది నేను చేసిందే. నేను సరే సామీ అన్నాను, అతను షట్టరేశాడు. మనిషికి ఒక బిడ్డ, ఒక అంగడి ఉంటే ఇంకేం చేస్తాడు? కానీ బస్సులో కూర్చున్నాక లెక్క తేలింది. నేను కాపాడానన్న మనిషి నాకంటే ముందే తనను తాను కాపాడుకున్నాడు. నా భార్య నేను మూశానన్న తలుపు అసలు అక్కడ లేనేలేదు. ఆమె ఆ కడుపుతో ప్రొద్దుటూరుకు పోయి ఉంటే మూసిన షట్టరు ముందు నిలబడి వచ్చేది. ఇది చెప్తే నా మీద నలభై ఏళ్ళుగా ఉన్న నింద పోతుంది. బస్సు మా ఊరి మలుపు తిరిగేదాకా ఆ మాటను ఎట్లా చెప్పాలా అని మనసులో అనుకుంటూనే ఉన్నాను.

ఇంటికి పోయేసరికి ఆమె అరుగు మీద కూర్చుని చీనీకాయలు ఒలుస్తోంది. పక్కన ఫోనులో నల్లక్క. ఎక్కడికి పోయానో ఆమెకు ఎవరూ చెప్పకపోయినా తెలిసింది.

"భాయ్ ఉండాడా?"

"ఉండాడు."

"అడిగితివా?"

ఆమె నా ముఖం చూడలేదు. చేతిలోని కాయ మాత్రం ఆగింది. డెబ్బై ఏళ్ళ మనిషి. జాలీ అవతల నిలబడి, మరి నేను, ఈ కడుపు అన్నప్పుడు ఎట్లా నిలబడిందో ఇప్పుడూ అట్లాగే ఉంది. ఆ పద్నాలుగు నెలలూ, బుధవారాలూ, వార్డులో ఒంటరిగా బిడ్డను కనడం, ఇదంతా ఆమె మోయగలిగింది ఒక దారి ఉండిందని, దాన్ని నేను మూశానని అనుకోబట్టే. తిట్టడానికి నేనొకణ్ణి ఉన్నాను. ఆ దారే లేదని చెప్తే నేను బయటపడతాను, ఆమె లోపల ఉండిపోతుంది.

"అడిగినా" అన్నాను. "చెప్పేవాణ్ణే అన్నాడు. అప్పుడు ఒక్క మాట అడిగింటే వచ్చేవాణ్ణి గదా అన్నాడు."

"నేను చెప్పలా?" అంది.

"చెప్పినావు. నేనే పోనీలా."

ఆమె ఒలిచిన తొన ఒకటి నోట్లో వేసుకుని, గింజ తీసి పక్కన పెట్టి, మిగతా కాయ ఒలవడం మొదలుపెట్టింది.